మెరుపూ మన్నికా: ఇంట్లో వెండి నగల శుభ్రతపై ఒక సమీక్ష

తెలుగువారి ఇళ్లలో వెండి నగలు చాలావరకు రోజూ ఒంటి మీద ఉండేవే. నడుము కిందికి బంగారం పెట్టుకోకూడదన్న ఆచారం వల్ల కాలి పట్టీలు, కడియాలు, మెట్టెలు తరతరాలుగా వెండితోనే చేయించుకుంటున్నారు. బారసాలనాడు బిడ్డకు కట్టే మొలతాడు, చేతుల మురుగులు, కాళ్ల గజ్జెలు కూడా వెండివే. చెమట, సబ్బు, పసుపు, నూనె, నేల మీది దుమ్ము ముందుగా తగిలేది వీటికే కాబట్టి ఇవి నల్లబడటమూ, పండగకో పెళ్లికో ముందు తోమి తెల్లగా చేయటమూ ప్రతి ఇంటికీ తెలిసిన పనే. ఇందుకు విభూతి మేలని కొందరు, పళ్లపొడి మేలని కొందరు, చింతపండు లేనిదే నలుపు వదలదని మరికొందరు అంటారు; ఇటీవల వంటసోడా, అల్యూమినియం రేకు, సీసాల్లో దొరికే ద్రావకాలు వీటికి తోడయ్యాయి. ఈ పద్ధతులన్నిటినీ ఇంతవరకు ఒకే కొలతతో, అంటే నగ ఎంత త్వరగా ఎంత తెల్లబడిందన్న దానితోనే, తూస్తూ వచ్చారు. నగ మీద చెక్కిన పువ్వు, అల్లిన తీగ, పొదిగిన రాయి ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఏ స్థితిలో ఉంటాయన్నది రెండో కొలత. ఆ కొలతకు పెడితే పేరుపొందిన చిట్కాల్లో కొన్ని నిలవవు. ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒకటి రెండు మాత్రం గట్టిగా నిలుస్తాయి.

ముందుగా ఆ నలుపు ఏమిటో తేలితే గాని దాన్ని తీసే పద్ధతుల మంచిచెడ్డలు తేలవు. ఇనుము తుప్పు పట్టటానికి గాలిలోని ప్రాణవాయువు, తేమ చాలు. వెండి మాత్రం మామూలు ఉష్ణోగ్రతలో ప్రాణవాయువుకు లొంగదు, దాన్ని నల్లబరిచేది గంధకం. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు గాలిలో ముక్కుకు తెలియనంత స్వల్పంగా ఉన్నా, తేమ సాయంతో వెండి పైభాగాన్ని తాకినప్పుడు అక్కడి వెండి గంధకంతో కలిసి వెండి సల్ఫైడ్ అనే నల్లని పదార్థంగా మారుతుంది. ఈ పొర పదుల నానోమీటర్ల మందంలో ఉన్నప్పుడు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) లేత పసుపుగా కనబడి, మందం పెరిగేకొద్దీ గోధుమ, ఊదా, నీలి ఛాయల మీదుగా నలుపుకు చేరుతుంది. మురుగు కాలువలు, నీరు నిలిచి కుళ్లే చెరువులు, పేడకుప్పలు, బొగ్గు పొగ, వంటగ్యాసు లీకయితే తెలియటానికి అందులో కలిపే మెర్కాప్టాన్ అనే వాసన పదార్థం, గుడ్లు, ఉల్లి, వెల్లుల్లి, ఉన్నిబట్టలు, రబ్బరు, గజ్జికి రాసే గంధకపు లేపనాలు, ఇన్ని దిక్కుల నుంచి గంధకం ఇంట్లోకి వస్తుంది. దీపావళి టపాసుల్లోని నల్లమందు కాలగా మిగిలే మసిలో పొటాషియం సల్ఫైడ్ ఉంటుంది, దానికి తేమ తగిలితే ఆ వాయువే వెలువడుతుంది. లక్ష్మీపూజ కోసం తోమి బయటపెట్టిన వెండి పండగ వెళ్లిన కొద్ది రోజులకే మసకబారటానికి ఇదొక కారణం. ఈ వివరణలో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, నలుపు బయటినుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు, నగలోని వెండే రూపం మారి అలా కనబడుతోంది. దాన్ని గీకి పారేస్తే పోయేది నగలోని వెండే.

నగల్లో వాడేది మేలిమి వెండి కాదు. ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు లెక్కించే మోస్ కొలమానంలో వెండి గట్టితనం రెండున్నరకూ మూడుకూ మధ్య ఉంటుంది. అంత మెత్తని లోహంతో చేసిన నగ వాడకానికి ఆగదు గనుక రాగి కలుపుతారు. నూటికి 92.5 పాళ్లు వెండి, తక్కిన 7.5 పాళ్లు ప్రధానంగా రాగి ఉన్న మిశ్రమాన్ని స్టెర్లింగ్ వెండి అంటారు, నగ మీద 925 అనే ముద్ర దానికే గుర్తు. భారతీయ ప్రమాణాల సంస్థ వెండి స్వచ్ఛతకు ఐఎస్ 2112 అనే ప్రమాణాన్ని నిర్ణయించింది. 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్కు వేసిన వెండి నగలకు కూడా, బంగారానికి ఉన్నట్లే, ఒక్కో నగకు ఒక్కో గుర్తింపు సంఖ్య ఇచ్చే పద్ధతి వచ్చింది, కాని వెండికి హాల్‌మార్కు ఐచ్ఛికమే. ఊళ్లలో చేయించుకున్న పాత నగలకు ముద్ర ఉండదు, రాగి పాలు ఎంతో చూసి చెప్పటం కష్టం. ఆ రాగి ప్రాణవాయువుతో కలిసి గోధుమరంగు పొరగా, చెమటలోని ఉప్పుతోనూ పులుపుతోనూ కలిసి పచ్చని చిలుముగా మారుతుంది. వలయాలను అతికే టంకం, అంటే నగ కంటే తక్కువ వేడికి కరిగేలా వెండి, రాగి, జింకు కలిపి చేసిన మిశ్రమం, నగలోని వెండి కంటే తక్కువ స్వచ్ఛమైనది కాబట్టి పట్టీల్లో ముందుగా నల్లబడేవి అతుకులే; అంత మాత్రాన కంసాలి కల్తీ చేశాడని తేల్చటం న్యాయం కాదు. మొత్తం మీద వాడిన నగ మీద ఒకటి కాక మూడు పొరలుంటాయి: పైన చర్మపు జిడ్డు, సబ్బు, దుమ్ము కలిసిన మడ్డి, దాని కింద అక్కడక్కడ రాగి లవణాలు, అన్నిటికంటే అడుగున సల్ఫైడ్ నలుపు. ఒక పొరకు పనికొచ్చే మందు ఇంకో పొరకు పనికిరాదు, చిట్కాల గురించి ఇన్ని పరస్పర విరుద్ధమైన అనుభవాలు వినబడటానికి మూలం ఇదే.

ఒంట్లో వేడి చేస్తే వెండి నల్లబడుతుందన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే పరిశీలించటం మంచిది. ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్న పట్టీలు అక్క కాలికి తెల్లగా, చెల్లెలి కాలికి నల్లగా ఉండటం నిజంగా జరిగేదే, ఎందుకంటే చెమట ఎంత పడుతుంది, అందులో ఉప్పు, ఆమ్లం, గంధకం ఉన్న పదార్థాలు ఎంత పాళ్లలో ఉన్నాయి, ఒంటికి ఏ సబ్బు, ఏ లేపనం వాడుతున్నారు అన్నవి మనిషికీ మనిషికీ మారతాయి. కాని ఆ నలుపును బట్టి రోగాన్ని గుర్తించటం సాధ్యం కాదు. పసిబిడ్డ మురుగులు నల్లబడ్డాయని బిడ్డకు ఏదో అయిందని భయపడి మందులు పోయటం అనవసరమే కాదు, ప్రమాదకరం. మరో వైపు, రోజూ పెట్టుకునే నగ బట్టకూ చర్మానికీ రాసుకుంటూ ఉండటం వల్ల దాని ఎత్తు భాగాలు తెల్లగానే ఉంటాయి. బీరువాలో దాచినదే ఎక్కువసార్లు పూర్తిగా నల్లబడి బయటికి వస్తుంది.

ఇక చిట్కాల సంగతి. చింతపండు, నిమ్మకాయ, పుల్లని మజ్జిగ ఒక తెగ. ఇత్తడి బిందెకూ రాగి చెంబుకూ చింతపండు సాటిలేని మందు, ఎందుకంటే అందులోని టార్టారిక్ ఆమ్లం రాగి మీది ఆక్సైడ్ పొరను కరిగించి కొత్త లోహాన్ని బయటపెడుతుంది. ఆ అనుభవాన్ని వెండికి వర్తింపజేయటమే పొరపాటు, ఎందుకంటే వెండి సల్ఫైడ్ బలహీనమైన ఆమ్లాల్లో కరగదు. చింతపండుతో రుద్దిన వెండి కొంత తెల్లబడినట్లు కనబడితే, ఆ ఫలితంలో రాగి లవణాలు కరగటం కొంత, చేతి రాపిడి కొంత ఉంటాయి. రాత్రంతా పులుసులో నానబెట్టిన నగలో మాత్రం పైపొరలోని రాగి కరిగిపోయి, కంటికి కనబడని గుంటలు మిగిలి, అవి తేమనూ మురికినీ పట్టుకుంటాయి. రాగి, ఇత్తడి సామాను తోమిన చింతపండు గుజ్జుతోనే, ఇనుప పీచు చేతపట్టి వెండిని కూడా తోమితే, గుజ్జులో కరిగి ఉన్న రాగి ఇనుము తాకిడి వల్ల వెండి మీద గులాబీ రంగు పూతగా పేరుకోవచ్చు. ముత్యాలు, పగడాలు పొదిగిన నగకు పులుపు తగలనేకూడదు: రెండూ ప్రధానంగా కాల్షియం కార్బొనేటు కాబట్టి ఆమ్లంలో కరుగుతాయి, ఒకసారి పోయిన ముత్యపు నిగ్గు మళ్లీ రాదు. జాతకం ప్రకారం ముత్యాన్ని వెండి ఉంగరంలో పొదిగించుకునే అలవాటు ఇక్కడ బలంగా ఉన్నందున ఈ హెచ్చరిక చాలా ఇళ్లకు వర్తిస్తుంది.

రెండో తెగ రాపిడి మీద ఆధారపడ్డది. విభూతి, పొయ్యి బూడిద, పళ్లపొడి, టూత్‌పేస్టు, వంటసోడా, శనగపిండి పేర్లు వేరైనా చేసే పని ఒకటే, పొడి రేణువులతో నల్లపొరను గీకి తీయటం. కాబట్టి రేణువు ఎంత గట్టిదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఇసుక రేణువు గట్టితనం మోస్ కొలమానంలో 7, వెండికి రెట్టింపు పైమాట. పొయ్యి బూడిదలో ఇసుక ఉంటుంది గనుక అది గిన్నెలకే తగినది. ఆవుపేడ పిడకలను కాల్చి, వస్త్రగాళితం చేసి, అంటే సన్నని గుడ్డలో జల్లించి పట్టిన విభూతి మెత్తగానే ఉంటుంది, కాని బజారులో పొట్లం కట్టి అమ్మే విభూతి దేనితో చేసిందో కొన్నవారికి తెలిసే వీలు తక్కువ. తెల్ల పళ్లపొడిలో ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేటు, దాని గట్టితనం 3, వెండితో దాదాపు సమానం. ఇంటి పొడులన్నిటిలోకీ దానికి మంచిపేరు రావటంలో న్యాయం ఉంది. జేగురు కలిసిన ఎర్ర పళ్లపొడికి ఆ మాట వర్తించదు. టూత్‌పేస్టుల్లో చాలావాటిలో సిలికా రేణువులుంటాయి. అవి 5 గట్టితనం ఉన్న పంటి ఎనామిల్‌ను ఉద్దేశించి తయారైనవి, అంతకంటే చాలా మెత్తనైన వెండిని కాదు. పైగా పేస్టు నక్షీ సందుల్లో ఎండి తెల్లగా గట్టిపడి, దాన్ని తీయటానికి మళ్లీ సూదితో గీకవలసి వస్తుంది. మ్యూజియంలలో పాత వెండిని చూసుకునే సంరక్షకులు రాపిడి తప్పనిసరైనప్పుడు వాడేది కూడా కాల్షియం కార్బొనేటే. కాకపోతే రసాయనికంగా అవక్షేపించి, అంటే ద్రవంలో నుంచి అతి సన్నని రేణువులుగా దిగేటట్లు చేసి, ఇసుక లేకుండా తీసిన సుద్దను నీటితోనో ఆల్కహాలుతోనో ముద్ద చేసి, నల్లబడ్డ చోట మాత్రమే, దూదితో రుద్దుతారు. ఇంటి రాపిడికీ వారి రాపిడికీ ఉన్న తేడా పదార్థంలో కంటే సంయమనంలో ఎక్కువ. ఏటా మూడు నాలుగుసార్లు నిండా తోమించుకున్న కడియాల మీద సింహముఖానికి ముందు కోరలు, తర్వాత కళ్లు, చివరికి జూలు గీతలు చెరిగి నున్నని గుండు మిగలటం పాత నగలు చూసినవారందరికీ పరిచయమైన విషయమే. ఆ నష్టం దొంగ ఎత్తుకుపోయినది కాదు, శుభ్రత పేరుతో గుడ్డకు అంటి కాలువలో కలిసిపోయినది.

కుంకుడుకాయ ఈ రెండు తెగలకూ చెందదు. దాని గుజ్జులో సపోనిన్లు అనే సహజమైన నురుగు పదార్థాలుంటాయి. అవి జిడ్డును నీటిలో విడదీసి ఎత్తుకుపోతాయి, రేణువు లేదు కాబట్టి గీతపడదు. కంసాలులు నగ పని పూర్తయ్యాక కుంకుడు రసంలో ముంచి కుంచెతో కడగటం ఈ దేశంలో చాలాచోట్ల ఉన్న పాత పద్ధతి. గట్టిగా పట్టిన సల్ఫైడ్‌ను కుంకుడు రసం కరిగించలేదు, ఆ మాటకొస్తే ఏ సబ్బూ కరిగించలేదు. కాని ఇంట్లో నలుపు అనుకునేదానిలో పెద్ద భాగం నిజానికి మడ్డే. కుంకుడుతో కడిగిన తర్వాత మిగిలినదే అసలు నలుపు, దానికే మరో మందు గురించి ఆలోచించాలి. ఈ ఒక్క క్రమం పాటిస్తే తోముడు అవసరం బాగా తగ్గుతుంది. కుంకుళ్లు దొరకని ఊళ్లలో, విదేశాల్లో, రంగూ వాసనా తక్కువగా ఉన్న గిన్నెల సబ్బు ద్రవం నాలుగు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపినా అదే పని జరుగుతుంది.

అల్యూమినియం రేకు పద్ధతికి ఈనాడు ఉన్న ప్రచారం మరి దేనికీ లేదు, అందువల్ల దాన్ని కొంచెం నిదానంగా చూడాలి. గాజు పాత్ర అడుగున రేకు పరిచి, నగను రేకుకు తగిలేలా పెట్టి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే, రెండు లోహాల మధ్య చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. సోడా రేకు మీది ఆక్సైడ్ పొరను బలహీనపరిచి, నీటికి విద్యుత్తును మోసే గుణం ఇస్తుంది. అల్యూమినియం ఎలక్ట్రాన్లను వదులుతూ తాను కరుగుతుంది, ఆ ఎలక్ట్రాన్లను అందుకున్న వెండి సల్ఫైడ్ తిరిగి వెండిగా మారుతుంది, విడివడ్డ గంధకం కుళ్లిన గుడ్డు వాసనతో బయటికి పోతుంది. గీకటం లేదు, సిద్ధాంతరీత్యా వెండి నష్టం కూడా లేదు. ఈ గుణం వల్లనే సంరక్షకులు రుద్దటానికి వీలుకాని కొన్ని వస్తువులకు ఇదే సూత్రాన్ని జాగ్రత్తగా వాడతారు. దీని లోపాలు తర్వాత బయటపడతాయి. తిరిగి వచ్చిన వెండి మొదటి నున్నదనంతో అతుక్కోదు, పైన సూక్ష్మంగా గుల్లగా ఉంటుంది. అందుకే నగ తెల్లబడినా నిగ్గు తగ్గి పాలిపోయినట్లు కనబడుతుంది, గుల్లదనం వల్ల మళ్లీ నల్లబడటం త్వరగా మొదలవుతుంది. నక్షీ లోతుల్లో కంసాలి కావాలని నిలిపిన నలుపు కూడా ఎదుటి నలుపుతో పాటే పోయి, బొమ్మ చదునుగా కనబడుతుంది. రాళ్లు, లక్క, రంగు లేని సాదా గొలుసుకు ఏడాదికోసారి ఈ పద్ధతి వాడితే తప్పులేదు, నెలనెలా వాడితే తప్పే.

సీసాల్లో అమ్మే ముంచుడు ద్రావకాల్లో సాధారణంగా థయోయూరియా అనే పదార్థమూ ఒక ఆమ్లమూ ఉంటాయి. ముంచిన కొన్ని సెకన్లలో నలుపు మాయం కావటం నిజమే, ఎందుకంటే థయోయూరియా సల్ఫైడ్‌లోని వెండిని కరిగించి తనలో కలుపుకుంటుంది. అంటే ఆ వెండి ద్రావకంలో మిగిలిపోతుంది, నగకు తిరిగి రాదు. సరిగా కడగకపోతే, థయోయూరియాలోనూ గంధకం ఉంది కాబట్టి, సందుల్లో మిగిలిన ద్రావకమే కొత్త నలుపుకు కారణమవుతుంది. అది క్యాన్సర్ కారకం కావచ్చునన్న అనుమానం ఉన్న రసాయనం. మురుగులనూ మొలతాడు గుండ్లనూ బిడ్డలు నోట్లో పెట్టుకుంటారన్న ఒక్క కారణం చాలు, పిల్లల నగలకు దీన్ని పూర్తిగా నిషేధించటానికి. స్నానాల గది యాసిడ్, బ్లీచింగ్ పౌడరు వెండికి శత్రువులు; అవి వెండి మీద క్లోరైడ్ పొరను కడతాయి, ఆ రెండూ కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు మనిషికే ప్రాణాంతకం. టమాటా సాసు, శీతల పానీయం, బంగాళదుంప నీళ్ల వంటి దిగుమతి చిట్కాలకు పైన ఆమ్లాల గురించి చెప్పినదే సమాధానం.

ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ముందు ఏ నగకు అన్న ప్రశ్న రావాలి. కరీంనగర్ వెండి తీగపని ఇందుకు మంచి ఉదాహరణ. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో వెండిని కమ్మచ్చులో, అంటే క్రమంగా సన్నబడే రంధ్రాలున్న ఉక్కు పలకలో, లాగి తీగ తీస్తారు. అలాంటి రెండు తీగలను పురిపెట్టి, చదును చేసి, ఆకులూ చుట్టలూగా వంచి ఒక చట్రంలో అమర్చి, టంకం పొడి, వెలిగారం చల్లి కుంపటి మీద అతుకుతారు. పురి అంచున ఉండే చిన్న చిన్న పళ్లే ఆ నగకు మెరుపునిస్తాయి. పొడితో రుద్దితే ముందు అరిగేవి ఆ పళ్లే, గుడ్డ దారాలకు చిక్కి ఊడేవి ఆ చుట్టలే. దానికి కుంకుడు రసం, మెత్తని కుంచె, ధారాళమైన నీళ్లు తప్ప మరేదీ పనికిరాదు. నలుపు మరీ ముదిరితే రేకు పద్ధతి రుద్దటం కంటే తక్కువ చెడ్డది. ఆక్సిడైజ్డ్ పేరుతో అమ్మే నగల్లో నలుపు పొటాషియం సల్ఫైడ్ల మిశ్రమంతో కావాలని తెచ్చినది, అదే వాటి అందం. వాటిని పొడిగుడ్డతో తుడవటమే శుభ్రత. హైదరాబాదు ఇళ్లలో కనబడే బిద్రీ గుండీలు, పెట్టెలు జింకు ప్రధానంగా ఉన్న మిశ్రమ లోహంలో వెండి పొదిగినవి. వెండిని తెల్లగా చేయబోయి ద్రావకంలో ముంచితే చుట్టూ ఉన్న నల్లని నేల పాడవుతుంది. బోలు కడియాల లోపల కంసాలి లక్క నింపి ఉండవచ్చు. మరిగే నీళ్లలో వేస్తే లక్క మెత్తబడి అతుకుల్లో నుంచి కారుతుంది, లోపలికి నీరు దిగుతుంది. బంగారు పూతో రోడియం పూతో ఉన్న వెండికి ఏ పొడీ తగలకూడదు, పూత మందం అతిస్వల్పం. పట్టీల మీది ఎరుపు, పచ్చ రంగులు నేడు ఎక్కువగా కాల్చిన మీనా కాక పైన పూసిన రంగే, అది వేడికీ స్పిరిట్‌కీ ఆగదు. జర్మన్ సిల్వర్ సంగతి వేరు: రాగి, నికెలు, జింకు కలిసిన ఆ లోహంలో వెండి లేనే లేదు.

మెట్టెలది ప్రత్యేకమైన సమస్య. వాటిని తీయకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో అవి ఏళ్ల తరబడి వేలి మీదే ఉండి, సబ్బు, మట్టి, చర్మపు పొట్టు చేరి, కింద తేమ ఆరక వేలు ఒరిసిపోతుంది. అటువంటప్పుడు పాదాన్ని గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెట్టెను తీయకుండానే వేలి చుట్టూ మెల్లగా తిప్పుతూ మెత్తని కుంచెతో కడిగి, ఆ సందును పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. ద్రావకాలు చర్మానికి తగులుతాయి గనుక ఇక్కడ వాటి ప్రసక్తే ఉండకూడదు. నగ కంటే వేలి ఆరోగ్యమే ముందు లెక్క.

వాడిన గజ్జెల పట్టీల జతను శుభ్రం చేసే క్రమం ఒకటి వివరంగా చూస్తే పై సూత్రాలన్నీ అందులో కనబడతాయి. ఏడెనిమిది కుంకుళ్లను గింజ తీసి నలగ్గొట్టి, గంటసేపు వేడినీళ్లలో నానబెట్టి, రసాన్ని గుడ్డలో వడకట్టాలి, లేకపోతే పిప్పి వలయాల్లో ఇరుక్కుంటుంది. ఊడిన సీలో గజ్జెనో కాలువలో పోకుండా పనంతా కుళాయి కింద కాక బేసిన్‌లోనే జరగాలి. రసం గోరువెచ్చగా ఉన్నప్పుడు పట్టీలను పావుగంట నానబెట్టి, నీళ్లలోనే అటూ ఇటూ ఆడిస్తే గజ్జెల లోపలి మన్ను బయటికి వస్తుంది. తర్వాత పసిపిల్లల పళ్ల కుంచెతో వలయాల వెంట పొడవుగా, గుండ్రంగా తిప్పకుండా, తోమాలి. బోరునీళ్లలోని కాఠిన్యం ఆరిన తర్వాత తెల్లని మచ్చలుగా మిగులుతుంది కాబట్టి చివరి కడుగుడుకు వడపోత నీళ్లు మంచివి. పాత నూలు పంచె ముక్క మీద అద్ది, ఫ్యాను గాలికి మూడు నాలుగు గంటలైనా వదిలేయాలి, ఎందుకంటే గజ్జె లోపలి తడి పైకి కనబడదు, డబ్బాలో మూసిన తర్వాత అదే నలుపు తెస్తుంది. ఆరిన పట్టీని మెత్తని పొడిగుడ్డతో తుడిచి చూస్తే ఎక్కడ ఇంకా నలుపు ఉందో తెలుస్తుంది. ఆ చోట్ల మాత్రమే తెల్ల పళ్లపొడిని నీళ్లతో మెత్తని ముద్ద చేసి వేలి కొనతో రుద్ది, వెంటనే కడగాలి. పైకి ఉబికిన భాగాలు తెల్లగా, సందులు నల్లగా ఉన్న దశలో ఆగిపోవటం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన నియమం, అన్నిటికంటే అవసరమైనదీ అదే.

ఇంట్లో కుదరనప్పుడు దుకాణానికి ఇవ్వటంలో తప్పులేదు. మెరుగు పెట్టే యంత్రపు చక్రం కూడా వెండిని అరగదీస్తుంది కాబట్టి ఇచ్చే ముందూ తీసుకునే ముందూ తూకం వేయించి, ఎంత తరుగు పోయిందో చూసుకోవటం వాడుకరి హక్కు. కిలో వెండి ధర లక్ష రూపాయలు దాటిన తర్వాత ఈ తూకం చిన్న విషయం కాదు. ఇంటింటికీ తిరిగి నగలకు మెరుగు పెడతామనేవారిని మాత్రం గుమ్మంలోనే పంపేయాలి. వారు నగను ముంచే ద్రవం నత్రికామ్లమైతే, అందులో వెండి కరిగి రంగులేని ద్రావణంగా మారుతుంది, నగ తెల్లబడి తిరిగి చేతికొస్తుంది, కరిగిన వెండి వారి సీసాలో వెళ్లిపోతుంది, దాన్ని ఉప్పుతోనో రాగితోనో తిరిగి రాబట్టుకోవటం వారికి కష్టం కాదు. పూర్వం మెరుగు పనుల్లో వాడిన సైనైడ్ లవణాలను ఇంటి ఛాయలకు కూడా రానివ్వకూడదు.

తోమటం గురించి ఇంత చర్చ జరిగినా, దాచటం గురించి జరగవలసినంత జరగలేదు. ఏ సామగ్రి పక్కన లోహం పాడవుతుందో తెలుసుకోవటానికి బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ఒక పరీక్షను ప్రతిపాదించాడు: పరీక్షించదలచిన బట్ట, అట్ట, జిగురు వంటి పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతో కలిపి, కాస్త నీటితో గాజు గొట్టంలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచి, ఏ లోహం ఎంత మారిందో చూస్తారు. ఈ దృష్టితో ఇంటి బీరువాను చూస్తే దోషులు వెంటనే బయటపడతారు: పట్టీల జతను కట్టి ఉంచిన రబ్బరు బ్యాండు, ఉన్ని శాలువా మడత, పాత వార్తాపత్రిక, రంగు దిగే చౌక వెల్వెట్ పెట్టె, క్లోరిన్ కలిసిన మెత్తని పీవీసీ సంచి. దుకాణంవారు చుట్టి ఇచ్చే గులాబీ రంగు పలచని కాగితం కూడా, తడి తగిలితే రంగు దిగుతుంది కాబట్టి, ఏళ్ల తరబడి దాచటానికి తగదు. పాలిథీన్ జిప్ సంచిలో ఒక్కో నగను విడిగా, గాలి వీలైనంత నొక్కేసి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టటం ఖర్చులేని మేలైన మార్గం. ముత్యాలున్న నగను మాత్రం సంచిలో బిగించకుండా గుడ్డలోనే ఉంచాలి. కర్పూరపు బిళ్ల వేయటం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. కర్పూరానికి గంధక వాయువును పట్టి ఉంచే గుణం లేదు, డబ్బా బిగుతుగా మూయటం వల్ల కలిగే మేలునే దాని ఖాతాలో వేసినట్లు కనబడుతుంది. సుద్దముక్క కొంత తేమను పీలుస్తుంది, సిలికా జెల్ పొట్లం అంతకంటే బాగా పీలుస్తుంది. వాయువును పట్టేది చేపల తొట్టెల వడపోతకు అమ్మే ఉత్తేజిత బొగ్గు, దాన్ని చిన్న గుడ్డమూటలో కట్టి నగకు తగలకుండా డబ్బా మూల పెట్టవచ్చు. సన్నని వెండి రేణువులు కలిపి నేసిన ప్రత్యేకమైన గుడ్డలు కూడా వచ్చాయి. గంధకం నగ దాకా రాకముందే ఆ రేణువులకు పట్టుకుంటుంది. 1990లలో ఇంగ్లండులోని మిడిల్‌సెక్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ జాన్స్ రూపొందించిన, రాగిలో కొంత భాగానికి బదులు జెర్మేనియం కలిపిన వెండి నల్లబడటాన్ని బాగా ఆలస్యం చేస్తుంది, అయినా అది కొత్త నగలకు మాత్రమే పరిష్కారం.

స్నానం, ఈత, గుడ్లూ వెల్లుల్లీ వలిచే పని, జుట్టుకు రంగు వేసుకోవటం, ఇల్లు బ్లీచింగుతో కడగటం, ఈ సమయాల్లో తీయగలిగిన నగను తీసి పక్కన పెట్టటమూ, రాత్రి తీసేటప్పుడు పొడిగుడ్డతో ఒక్కసారి తుడవటమూ పైన చెప్పిన మందులన్నిటికంటే ఎక్కువ పని చేస్తాయి. విదేశాల్లో ఉంటున్న పిల్లల కోసమో, రాబోయే పెళ్లి కోసమో లాకర్లో ఏళ్ల తరబడి ఉంచే వెండిని ఏడాదికి ఒకసారైనా విప్పి చూసి, లేత పసుపు ఛాయ కనబడ్డ దశలోనే తుడిచి, గుడ్డనూ సిలికా పొట్లాన్నీ మార్చి మళ్లీ కట్టాలి. ఆ దశలో గుడ్డతో పోయే పొర, పదేళ్ల తర్వాత నల్లని పెంకుగా మారినప్పుడు ఉత్త గుడ్డకు లొంగదు.